లారీ యాక్సిల్ పట్టేసిందంటే ఏది దేన్ని పట్టుకున్నట్టు?

వానలు తగ్గాయి, ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు, దగ్గర పడింది. అందుకని మా పది టైర్ల బండిని వెనక బ్రేకు లైనర్లు మార్చడానికి ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో ఒక షెడ్డులో పెట్టాను. ఎనిమిదేళ్ళు దాటిన లారీకి ఏటా ఎఫ్‌సీ తప్పదు కదా. లైనర్లు మార్చడం పెద్ద విద్యేం కాదు, అరిగినవి పీకి కొత్తవి రివెట్లు కొట్టి షూలకి, అంటే చక్రంతో తిరిగే డ్రమ్ముని లోపల నుంచి అదిమి ఆపే వంపు పలకలకి, బిగించడమే. ఆ షూల దాకా చేరడమే అసలు పని. దారిలో యాక్సిల్ షాఫ్టు రావాలి, హబ్బు నట్టు రావాలి, డ్రమ్ము రావాలి. మాకు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. నట్లన్నీ ఊడాయి, షాఫ్టు మాత్రం కదలదు.

గంటసేపు సుత్తి మోత విన్నాక మా క్లీనర్ కుర్రాడు ఫోన్లో ఒక వీడియో వెతికి మేస్త్రికి చూపించాడు. అందులో ఎవరో విదేశీ మెకానిక్ షాఫ్టు మధ్యలో ఒకే ఒక్క దెబ్బ వేశాడు, చుట్టూ నట్ల కింద దిగి ఉన్న చిన్న కోన్లు టపటపా ఊడిపోయాయి, షాఫ్టు చేతిలోకి వచ్చేసింది. మేస్త్రిది సాలూరు. నలభై ఏళ్ళుగా లారీల కింద పడుకున్న మనిషి. "ఏటి బాబూ, ఫోన్లో సూసి కొట్టేత్తే ఊడిపోద్దేటి?" అన్నాడు, కానీ ఆయనకీ చిరాగ్గానే ఉంది. పక్క బండి డ్రైవరు గ్యాస్ మంట పెట్టమంటాడు. ఇంకొకాయన డీజిల్ పోసి రేపు చూద్దాం అంటాడు. అందరూ అనుభవం ఉన్నవాళ్ళే, అందరూ ఎప్పుడో ఒకప్పుడు అలాగే ఊడదీసినవాళ్ళే, కానీ ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానికి పొంతన లేదు.

ఎందుకంటే "పట్టేసింది" అనే ఒక్క మాటని మనం చాలా రకాల పట్లకి వాడేస్తాం. తుప్పు పట్టు వేరు, కోను పట్టు వేరు, వేడికి పట్టేయడం వేరు, అసలు ఏమీ పట్టకుండా వెనక ఇంకేదో ఆపుతుండటం వేరు. ఒకదానికి పనికొచ్చే మందు రెండోదాన్ని ఇంకా బిగిస్తుంది. ఏది ఎందుకు రాదో కాస్త విడదీసి చూద్దాం.

చక్రం లోపల ఏముంటుంది

భారీ లారీల వెనక యాక్సిల్‌ని ఫుల్ ఫ్లోటింగ్ అంటారు. బరువు మోసేది బయట ఉన్న గొట్టం, అంటే హౌసింగు. హౌసింగు చివర మీద రెండు బేరింగులు, వాటి మీద హబ్బు, హబ్బుకి డ్రమ్మూ చక్రాలూ. యాక్సిల్ షాఫ్టు ఈ గొట్టం లోపల నుంచి వచ్చి, చివర పళ్ళెంలా ఉన్న ఫ్లాంజితో హబ్బుకి బిగుసుకుంటుంది. దాని పని తిప్పడమే, బరువు మోయడం కాదు. అందుకే చక్రం నేల మీద ఉండగానే, జాకీ పెట్టకుండానే షాఫ్టు లాగేయొచ్చు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, ముఖ్యంగా మన ఘాట్ రోడ్ల మీద. షాఫ్టు తీశాక గేరులో పెట్టినా ఆ చక్రాన్ని ఇంజను పట్టుకోదు, రెండో వైపు షాఫ్టు ఉన్నా, తిప్పుడుని రెండు వైపులా పంచే డిఫరెన్షియల్ ఖాళీగా తిరిగిపోతుంది. ఇక ఆపేది పార్కింగ్ బ్రేకు ఒక్కటే. డ్రమ్ము రావాలంటే దాన్ని కూడా వదలాలి. సాలూరు-కోరాపుట్ ఘాట్‌లో సుంకి దగ్గర వాలులో బండి ఆపి ఈ పని మొదలుపెట్టడం అంటే చక్రాల కింద పెట్టిన రాళ్ళ మీద ప్రాణం పెట్టడమే.

డ్రమ్ము రెండు రకాలుగా ఉంటుంది. కొన్ని బళ్ళలో డ్రమ్ము హబ్బుకి బయట వైపు నుంచి ఎక్కుతుంది, చక్రాలు తీస్తే డ్రమ్ము ఒక్కటే లాగొచ్చు, షాఫ్టు జోలికి వెళ్ళనక్కర్లేదు. మిగతావాటిలో డ్రమ్ము హబ్బుకి లోపలి వైపు బిగించి ఉంటుంది, కాబట్టి షాఫ్టు, హబ్బు నట్టు, బేరింగు అన్నీ విప్పి హబ్బుతో సహా దించాలి. మాది రెండో రకం. వీడియోల్లో చూసి "అర్ధగంట పని" అనుకునేవాళ్ళు ఎక్కువగా మొదటి రకం చూసి ఉంటారు.

గాలి లేకపోతే డ్రమ్ము రాదు, అది పట్టేయడం కాదు

ఇది తెలియక సుత్తి అరగదీసినవాళ్ళని చూశాను. ఎయిర్ బ్రేకు బండికి పార్కింగ్ బ్రేకు గాలితో పడదు, గాలి పోతే పడుతుంది. వెనక బ్రేకు చాంబర్‌లో, అంటే గాలి డబ్బాలో, ఒక బలమైన స్ప్రింగు ఉంటుంది. గాలి దాన్ని నొక్కిపెట్టి ఉంచుతుంది, గాలి దిగిపోగానే స్ప్రింగు విచ్చుకుని షూలని డ్రమ్ముకి అదిమేస్తుంది. షెడ్డులో రెండు రోజులు నిలబడిన బండికి ట్యాంకుల్లో గాలి ఎక్కడుంటుంది?

ఎంత బలంతో అదుముతుందో ఒక లెక్క చూద్దాం. 30 టైపు చాంబర్ అంటే లోపల డయాఫ్రం అనే రబ్బరు పొర పని చేసే వైశాల్యం 30 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి 100 పౌండ్ల గాలి ఇస్తే 3,000 పౌండ్లు, అంటే దాదాపు 1,360 కిలోల తోపు. స్ప్రింగు బలం దానికంటే తక్కువే ఉన్నా టన్నుకి అటూ ఇటూగా ఉంటుంది. షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు సర్దే స్లాక్ అడ్జస్టర్ అనే చెయ్యి ఆ తోపుని తిప్పుడుగా మారుస్తుంది, కొన ఎస్ ఆకారంలో ఉండే ఎస్-క్యామ్ దాన్ని ఇంకా పెంచి షూల మీద పెడుతుంది. ఆ పట్టులో ఉన్న డ్రమ్ముని సమ్మెటతో కొట్టి లాగడం అయ్యే పని కాదు. గాలి ఎక్కించాలి, లేదంటే చాంబర్ వెనక ఉన్న రిలీజ్ బోల్టుతో స్ప్రింగుని బంధించాలి. ఆ చాంబర్ చుట్టూ ఉన్న పట్టీని మాత్రం ఎవరూ విప్పకూడదు. బంధించని స్ప్రింగు బయటికి ఎగిరి మనుషులు చనిపోయిన ఘటనలు ఉన్నాయి.

ఘాట్ దిగిన బళ్ళకి ఇంకో రకం ఉంది. సుంకి నుంచి సాలూరు వైపు జామాయిల్ దుంగల లోడుతో బ్రేకు తొక్కుకుంటూ దిగితే డ్రమ్ము బాగా వేడెక్కి సాగుతుంది. కింద ఆపి ఆ వేడి మీదే పార్కింగ్ బ్రేకు వేస్తే షూలు ఆ సాగిన కొలతకి తెరుచుకుని కూర్చుంటాయి. డ్రమ్ము చల్లబడి కుంచించుకుపోయి షూలని గట్టిగా పట్టేస్తుంది. పొద్దున్నే గాలి నిండినా చక్రం కదలదు. అక్కడ తుప్పూ లేదు, ఏమీ లేదు. స్లాక్ అడ్జస్టర్‌ని కాస్త వెనక్కి తిప్పితే వదిలేస్తుంది.

అరిగిన డ్రమ్ముకి గట్టు కడుతుంది

గాలి ఉన్నా, స్ప్రింగు బంధించినా డ్రమ్ము కాస్త వచ్చి ఆగిపోతే అనుమానించాల్సింది ఈ గట్టునే. లైనర్లు రుద్దుకునే చోట డ్రమ్ము అరుగుతుంది, రుద్దుకోని అంచు అలాగే ఉండిపోతుంది. 410 మిల్లీమీటర్ల డ్రమ్ము అనుకుందాం. రుద్దుకునే చోట 413 అయిందంటే, అంచు దగ్గర చుట్టూతా ఒకటిన్నర మిల్లీమీటరు ఎత్తున గట్టు కట్టినట్టు. షూలు ఆ గుంటలో కూర్చుని ఉంటాయి. బయటికి లాగితే గట్టు వచ్చి షూలకి తగులుతుంది. గడియ వేసిన తలుపుని తోస్తున్నట్టే.

ఇక్కడ కొట్టడం కంటే షూలని వెనక్కి జరపడం ముఖ్యం, అంటే మళ్ళీ స్లాక్ అడ్జస్టర్ దగ్గరికే. పాత మాన్యువల్ రకం అయితే పానాతో వెనక్కి తిప్పితే సరిపోతుంది. ఆటోమేటిక్ రకం మాత్రం అంత సులువుగా వెనక్కి తిప్పనివ్వదు. కొన్నింటిలో కటకటమని శబ్దం చేస్తూ బలంగా తిరుగుతుంది, అది మామూలే. కొన్నింటిలో ముందు పాల్ అనే చిన్న కొక్కేన్ని తప్పించాలి, తప్పించకుండా తిప్పితే లోపల పళ్ళు పోతాయి. ఏ రకమో చూడకుండా "అన్నీ ఒకటే" అని తిప్పేసే చెయ్యి వల్ల షెడ్డు దాటాక బ్రేకు సరిగా సర్దుకోని బళ్ళు తక్కువేం లేవు.

కోను ఎందుకు అంత మొండిది

ఇక ఫ్లాంజి దగ్గరికి వద్దాం, మా గొడవంతా ఇక్కడే కదా. హబ్బు నుంచి స్టడ్లు, అంటే తల లేని బోల్టులు, బయటికి వస్తాయి, ఫ్లాంజి రంధ్రాలు వాటి మీదకి ఎక్కుతాయి. రంధ్రానికీ స్టడ్డుకీ మధ్య కొంచెం సందు ఉంటుంది. ఆ సందు అలా వదిలేస్తే లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఫ్లాంజి అటూ ఇటూ ఆడి స్టడ్లని కోసేస్తుంది. అందుకని చాలా బళ్ళలో ఆ సందులోకి చీలిక ఉన్న చిన్న కోన్లని దించుతారు. నట్టు బిగించేకొద్దీ కోను లోపలికి దిగి, చీలిక మూసుకుంటూ, స్టడ్డునీ ఫ్లాంజినీ ఒక్కటి చేసేస్తుంది.

నట్టు తీసేసినా కోను ఎందుకు రాదు? గొడ్డలి కామకి కొట్టిన చీల ఎందుకు రాదో దానికీ అదే కారణం. ఒక ఇనుప పలక మీద ఇనుప ముక్క పెట్టి పలకని మెల్లగా ఎత్తండి, ఒక వాలు వచ్చేదాకా ముక్క జారదు. ఇనుము మీద ఇనుముకి, కాస్త జిడ్డు ఉందనుకుని, ఘర్షణ గుణకం 0.15 వేసుకుంటే ఆ వాలు ఎనిమిదిన్నర డిగ్రీలు. అంతకంటే తక్కువ వాలున్న కోను ఒకసారి దిగితే తనంతట తాను వెనక్కి రాదు. పట్టుకుని లాగడానికి దానికి బయట అంచు కూడా ఉండదు. దాన్ని కదిలించేది అదురు మాత్రమే. ఫ్లాంజి ఒక్క క్షణం గంటలా మోగితే రంధ్రం వెంట్రుకవాసి వంగి వదులుతుంది, ఆ క్షణంలో బిగుసుకుని ఉన్న కోను బయటికి చిమ్ముతుంది. చిమ్ముతుందని ఊరికే అనలేదు, తూటాలా వస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు నట్లు పూర్తిగా తీయరు, నాలుగు చుట్లు వదులు చేసి చివర్న ఉంచుతారు, కోను వచ్చి నట్టుకి తగిలి ఆగుతుంది.

ఎక్కడ కొట్టాలన్న దాని మీదే అసలు తగాదా. మన షెడ్లలో చాలామంది ఫ్లాంజి అంచు మీద, స్టడ్డు పక్కనే, సమ్మెటతో నేరుగా కొడతారు. కోనుకి దగ్గర్లో అదురు పుడుతుంది కాబట్టి తొందరగా వస్తుందని వాళ్ళ వాదన, అందులో నిజం ఉంది, రోజుకి మూడు బళ్ళు విప్పేవాడికి తొందర కూడా ఒక అవసరమే. యాక్సిల్ తయారు చేసేవాళ్ళ సర్వీస్ పుస్తకాలు మాత్రం వద్దంటాయి. ఫ్లాంజి మధ్యలో ఉన్న గుంటలో లావుపాటి ఇత్తడి కడ్డీ పెట్టి దాని మీద బలంగా కొట్టమంటాయి, ఫ్లాంజికీ హబ్బుకీ మధ్య చిజిల్ దూర్చడం అసలు వద్దంటాయి. అంచు మీద కొడితే ఫ్లాంజి వంగొచ్చు, స్టడ్డు వాలొచ్చు, గట్టి ఉక్కు మీద గట్టి ఉక్కు తగిలితే పెచ్చు లేచి కంట్లో పడొచ్చు. చిజిల్ దూరిస్తే రెండు ముఖాలకీ గాట్లు పడి, తర్వాత గేర్ ఆయిల్ కారుతూనే ఉంటుంది. ఆ కారిన ఆయిల్ పోయేది కొత్త లైనర్ల మీదకే. నాకు పుస్తకం మాటే సబబుగా అనిపిస్తుంది, అయితే ఇత్తడి కడ్డీ ఉన్న షెడ్డు మన దారిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు.

మా బండికి కోన్లే లేవు

గంటన్నర అయ్యాక మేస్త్రి సుత్తి పక్కన పడేసి టీ తాగాడు. తాగి వచ్చి వైరు బ్రష్షు అడిగాడు. ఫ్లాంజి ముఖం మీద ఎర్రమట్టీ, గ్రీజూ, పాత పెయింటూ కలిసి పెంకులా గట్టిపడి ఉన్నాయి. గీకుతూ పోతే స్టడ్ల చుట్టూ కోను ఆనవాళ్ళే లేవు, రంధ్రాలు తిన్నగా ఉన్నాయి. రెండు స్టడ్ల మధ్య ఒకచోట మట్టి చిన్న గుంటలా లోపలికి దిగింది. సూదిలాంటి దానితో తవ్వితే లోపల మరలు కనిపించాయి. ఎదురుగా రెండో వైపు అలాంటిదే ఇంకొకటి.

ఆ రెండూ తీయడానికి కంపెనీ పెట్టిన మర రంధ్రాలు. కొన్ని షాఫ్టులకే ఇవి ఉంటాయి. వాటిలోకి బోల్టు దించి తిప్పితే బోల్టు కొన వెళ్ళి హబ్బుని తన్నుతుంది, ఫ్లాంజి పైకి లేస్తుంది. ఎంత బలంతోనో లెక్క వేస్తే నవ్వొస్తుంది. 12 మిల్లీమీటర్ల బోల్టు, అడుగు పొడవు పానా, దాని మీద 20 కిలోల చేతి బలం. అంటే సుమారు 60 న్యూటన్ మీటర్ల తిప్పుడు. మామూలు జిడ్డు మరలకి మెకానిక్కులు వేసే లెక్క ప్రకారం, తిప్పుడుని బోల్టు మందంలో ఐదో వంతుతో భాగిస్తే తోపు వస్తుంది, అంటే 25,000 న్యూటన్లు, రెండున్నర టన్నులు. రెండు బోల్టులకి ఐదు టన్నులు, అదీ ఆగకుండా, సమంగా, దేన్నీ వంచకుండా.

మరి మమ్మల్ని గంటన్నర ఆపిందేమిటి? పోయినసారి ఎవరో గ్యాస్కెట్ బదులు సీలెంట్ దట్టంగా పూసి బిగించారు, అది ముఖాలు రెండింటినీ అతికించేసింది. జిగురుకి సుత్తి అదురు పెద్దగా పని చేయదు, రబ్బరులా మింగేస్తుంది. మెల్లగా లాగుతూ ఉంటే మాత్రం ఒక అంచు నుంచి చిరుగుతుంది. రెండు బోల్టులూ మార్చి మార్చి పావు చుట్టు చొప్పున తిప్పారు. టప్ మని ఒక శబ్దం, అంతే. వీడియోలో దెబ్బ తప్పు కాదు, అక్కడున్నది కోను, మా దగ్గరున్నది జిగురు.

తుప్పు: వెంట్రుకలో మూడో వంతు చాలు

ఇనుము తుప్పు అయితే అది తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కనీసం రెండింతలు, నీరు చేరిన తుప్పు అయితే ఇంకా ఎక్కువ. మూడింతలు అనుకుని లెక్క వేద్దాం. డ్రమ్ముకీ హబ్బుకీ మధ్య సందు 0.1 మిల్లీమీటరు. రెండు వైపులా 0.025 మిల్లీమీటరు చొప్పున ఇనుము తుప్పు పడితే, ఒక్కో వైపు తిన్నది పోగా 0.05 అదనంగా ఉబ్బుతుంది, రెండూ కలిస్తే 0.1, సందు మూసుకుపోయింది. 0.025 అంటే మన తల వెంట్రుక మందంలో మూడో వంతు. నాలుగు నెలలు వానలో నానే కోరాపుట్ కొండల్లో అది ఎంత సేపు. అక్కడి నుంచి ఇంకొంచెం తుప్పు పట్టినా అది సందు నింపడం కాదు, మేకులా బిగించడం.

డీజిల్ పోయడం, డబ్ల్యూడీ-40 కొట్టడం, కిరోసిన్, పాత బ్రేకు ఆయిల్, ఎవరి నమ్మకం వాళ్ళది. పల్చటి నూనె సందులోకి పాకుతుంది, అది నిజం, అయితే పాకడానికి దారి ఉండాలి, టైము ఉండాలి. స్టడ్డు మరలకీ నట్లకీ రాత్రంతా నానబెడితే తేడా తెలుస్తుంది. డ్రమ్ము కూర్చునే గుండ్రటి ముఖం పూర్తిగా తుప్పుతో మూసుకుపోతే నూనె పైపైనే జారుతుంది. అక్కడ నూనె పోసి, చిన్న సుత్తితో చుట్టూ తడుతూ, మళ్ళీ పోస్తూ ఉంటే తుప్పులో పగుళ్ళు పుట్టి దారి ఏర్పడుతుంది. అందుకే నూనె వాదులూ సుత్తి వాదులూ నిజానికి ఒకే పక్షం. లైనర్లు మళ్ళీ వాడేవైతే మాత్రం వాటి మీద చుక్క పడకూడదు.

మధ్యలో ఒక చిన్న మాట. కొన్ని పాత బళ్ళలో ఎడమ వైపు చక్రాల నట్లకి ఎడమ మర ఉంటుంది. తుప్పు పట్టిందనుకుని పానాకి పైపు తొడిగి ఇద్దరు వేలాడితే అది ఊడట్లేదు, ఇంకా బిగుస్తోందన్నమాట.

గ్యాస్ పెట్టాలా వద్దా

వేడి సిద్ధాంతం సులువు. బయట ఉన్నది సాగాలి, లోపల ఉన్నది చల్లగా ఉండాలి. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకి 12 మైక్రాన్లు సాగుతుంది, పోత ఇనుము కొంచెం తక్కువ, 11 అనుకోండి. 280 మిల్లీమీటర్ల డ్రమ్ము నోటిని 100 డిగ్రీలు పెంచితే 0.3 మిల్లీమీటరు తెరుచుకుంటుంది. ఒక్కో వైపు 0.15 అన్నమాట, ఇందాక చెప్పిన సందుకి ఇది ఒకటిన్నర రెట్లు. అంటే ఎర్రగా కాల్చనక్కర్లేదు, నీటి చుక్క వేస్తే చుయ్యిమనే వేడి చాలు, అదీ తొందరగా, చుట్టూ సమానంగా. మెల్లగా అరగంట కాలిస్తే హబ్బు కూడా వేడెక్కి రెండూ కలిసి సాగుతాయి, లాభం సున్నా.

వద్దనేవాళ్ళకీ గట్టి కారణాలున్నాయి. బేరింగుని 120 డిగ్రీలు దాటించకూడదంటారు, దాని తర్వాత ఉక్కు గట్టిదనం, కొలత రెండూ మారతాయి. మంట పక్కనే ఆయిల్ సీల్ ఉంటుంది, చాంబర్‌లో రబ్బరు డయాఫ్రం ఉంటుంది. చక్రాల స్టడ్లు 10.9 గ్రేడువైతే వాటికి బలం వచ్చిందే ఎర్రగా కాల్చి ముంచి, ఆ తర్వాత 425 డిగ్రీల పైన మళ్ళీ కాచే టెంపరింగ్‌తో. వాటిని ఎర్రగా కాల్చి చల్లబరిస్తే చూడటానికి స్టడ్డులానే ఉంటుంది, లోపల మెత్తబడి ఉంటుంది. షాఫ్టు సంగతీ అంతే. రంగు చూస్తే తెలుస్తుంది, నీలం తిరిగిందంటే 300 దాకా వెళ్ళినట్టు, ఎర్రబడిందంటే ఎప్పుడో దాటేసినట్టు.

టైరు చక్రానికి ఉండగా నట్టు మీద మంట పెట్టడం వేరే సంగతి. దానికి రెండో వాదన లేదు. లోపలి రబ్బరు ఉడికి వాయువు పుడుతుంది, అది అంటుకుంటే టైరు బాంబులా పేలుతుంది. గాలి తీసేసిన టైరు కూడా పేలిన సందర్భాలున్నాయి.

నా మటుకు నేను, వేడి అనేది పారేయబోయే భాగం మీదే పెట్టాలంటాను. డ్రమ్ము మార్చేస్తున్నామా, కాల్చండి. డ్రమ్ము దాచుకుని హబ్బు పారేస్తున్నామా, అప్పుడు హబ్బుని కాల్చినా ఉపయోగం లేదు, లోపల ఉన్నది సాగితే ఇంకా బిగుస్తుంది.

హబ్బూ, రేసూ, పిన్నులూ

షాఫ్టు వచ్చాక హబ్బు నట్టు, లాకు వాషరు తేలిగ్గానే వస్తాయి. హబ్బు రాకపోతే సాధారణంగా లోపలి బేరింగు రేసు, అంటే గొట్టం మీద కూర్చునే రింగు, గొట్టానికి కరుచుకుని ఉంటుంది. గ్రీజు ఎండిపోయి తిరిగిన బేరింగు అయితే రేసు గొట్టం మీదే తిరిగి, రాసుకుని, దాదాపు అతుక్కుపోతుంది. హబ్బుని లాగేస్తే రేసు అక్కడే మిగిలిపోతుంది. దాన్ని గ్రైండరుతో దాదాపు తెగేదాకా కోసి, చివరి పొర వదిలేసి, అక్కడ చిజిల్‌తో ఒక్కటి వేస్తే గట్టి ఉక్కు కాబట్టి ఫట్‌మని పగులుతుంది. పూర్తిగా కోస్తే గొట్టం మీద గాటు పడుతుంది, ఆ గాటు మీదే కొత్త రేసు కూర్చోవాలి.

షూలు వేలాడే యాంకర్ పిన్నుల దగ్గర సుత్తి చేసే చెరుపు ఇంకోలా ఉంటుంది. పిన్ను కొన మీద నేరుగా కొట్టేకొద్దీ కొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. రంధ్రం 30 మిల్లీమీటర్లు, విచ్చుకున్న కొన 31. ఇక ఆ పిన్ను అటు నుంచి రాదు, కొట్టిన ప్రతి దెబ్బా దాన్ని బిగించిందే. కొన కంటే సన్నటి కడ్డీని మధ్యలో పెట్టి కొట్టడం, వెనక నుంచి ఇంకొకరు బరువైన సమ్మెట ఆనించి పట్టుకోవడం అందుకే. వెనక ఆనింపు లేకపోతే సగం దెబ్బ యాక్సిలే ఊగి మింగేస్తుంది.

కొట్టింది కనపడని చోట తగులుతుంది

విప్పేదాకా ఉన్న తొందర బిగించేటప్పుడు పనికిరాదు. గట్టిగా కొట్టిన బండికి ఫ్లాంజిని చదునైన బల్ల మీద పెట్టి చూస్తే వంగిందో లేదో తెలిసిపోతుంది. స్టడ్డు వాలిందా, మరలు నలిగాయా అన్నది నట్టుని చేత్తో తిప్పితే తెలుస్తుంది, చివరిదాకా చేత్తో పోవాలి. కోన్లున్న బండి అయితే చీలిక మూసుకుపోయి మెరుస్తున్న పాత కోన్లని మళ్ళీ వేయడం దండగ. ఏబీఎస్ ఉన్న బండికి హబ్బు వెనక పళ్ళ రింగు ఉంటుంది, సుత్తి దెబ్బకి ఒక పన్ను పోయినా డాష్‌బోర్డు మీద లైటు వెలగొచ్చు. ఆ పళ్ళని చదివే సెన్సరు కూడా లోపలికో బయటికో జరిగి ఉంటుంది, దాన్ని రింగుకి తగిలేదాకా తోసి పెడితే చక్రం తిరిగేటప్పుడు సందు అదే సర్దుకుంటుంది. పాత లైనర్ల పొడిని గాలి పైపుతో ఊదేయడం అందరూ చేసేదే, కానీ పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడిస్తే పోయేదానికి ఊపిరితిత్తులు ఎందుకు పెట్టడం.

మాకు ఆ వైపు హబ్బు సాయంత్రానికి దిగింది. ఎస్-క్యామ్ మీద స్లాక్ అడ్జస్టర్ మాత్రం రాలేదు, పళ్ళన్నీ తుప్పుతో ఒకటైపోయాయి. అది ఎలాగూ మార్చాల్సిందే కాబట్టి మేస్త్రి ఈసారి సుత్తి జోలికి వెళ్ళకుండా గ్రైండరుతో నిలువునా చీల్చి తీసేశాడు, క్యామ్ పళ్ళు దక్కాయి. బిల్లులో అది అదనం. మర్నాడు పొద్దున్నే రెండో వైపు మొదలుపెట్టేటప్పుడు క్లీనర్ కుర్రాడు ఎవరూ చెప్పకుండానే ముందు వైరు బ్రష్షు పట్టుకుని కూర్చున్నాడు. అటు వైపు ఫ్లాంజికి మర రంధ్రాలు లేవు, కోన్లున్నాయి. ఎప్పుడో ఎవరో షాఫ్టు మార్చేశారు.